బీరువా కింది తివాసీ

ఆ ఆదివారం ఉదయం ఆదికేశవులు వేసుకున్న పథకం చాలా చిన్నది. హాల్లో ఉన్న బీరువాను ఎత్తాలి, దాని కింద ఉన్న తివాసీని ఈ చివర ఆ చివరకు తిప్పాలి, బీరువాను మళ్లీ దించాలి. ఇంటి యజమాని జనార్దనం నాయుడు భార్య తాయారుతో కలిసి తిరువళ్లూరు పెళ్లికి వెళ్లాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గానీ రాడు. ఈలోగా పని ముగించుకుని, స్నానం చేసి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకోవచ్చు. దేనికైనా వంక పెట్టే తన భార్య మంగళ కూడా ఈసారి అడ్డు చెప్పలేదు కాబట్టి, ఇందులో లోపమేమీ లేదనే ఆదికేశవులు నమ్మాడు.

కోడంబాక్కం రైల్వే స్టేషనుకు దగ్గరలో ఉన్న ఆ ఇంట్లో నాయుడు దంపతులది కింది భాగం, ఆదికేశవులు దంపతులది పై భాగం. పై భాగాన్ని నాయుడు తివాసీతో సహా అద్దెకిచ్చాడు. ఆదికేశవులు లాంటి గుమాస్తా ఇంటికి తివాసీ ఎందుకని మీరు అడగవచ్చు, ఆయన మాత్రం అడగలేదు. ఒక స్టూడియోలో దర్బారు సెట్టు విప్పేసి సామాన్లు వేలం వేస్తే, నాయుడు ఆ ఎర్ర తివాసీని పాడుకుని తెచ్చాడు. "దీనిమింద ఏడుగురు రాజులు నడిచినారయ్యా," అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆ ఏడుగురూ సాయంత్రం మొహం కడుక్కుని బస్సెక్కి ఇళ్లకు పోయినవాళ్లేనన్న సంగతి మాత్రం చెప్పేవాడు కాదు.

ఇల్లు ఇచ్చేటప్పుడు నాయుడు రెండే షరతులు పెట్టాడు. తివాసీ చెడిపోతే అద్దెకున్నవాడిదే బాధ్యత, వెంటనే ఇల్లు ఖాళీ చెయ్యాలి. నైరుతి మూలలో తివాసీ అంచు మీద నిలబెట్టిన తన టేకు బీరువాను ఎవరూ కదపకూడదు, కదిపితే వాస్తు చెడి ఇంటికి అరిష్టం. ఆపైన ప్రతి తమిళ నెల మొదటి రోజూ చేతులు వెనక్కి కట్టుకుని మేడెక్కి వచ్చేవాడు. తివాసీ చుట్టూ ఒకసారి నడిచి, "ఊఁ" అని దిగిపోయేవాడు. ఆ "ఊఁ" వినపడేదాకా మంగళ వంటింట్లో ఊపిరి బిగబట్టుకుని నిలబడేది.

ముందురోజు సాయంత్రం ఊడుస్తూ ఆవిడ కిటికీ దగ్గరున్న పడక కుర్చీని జరిపింది. కుర్చీ ముందు, సరిగ్గా ఆదికేశవులు మడమలు ఆనే చోట, తివాసీ దోసెంత మేర అరిగి పడుగు దారాలు బయటపడ్డాయి. పేపరు చదువుతూ మడమలు రాయడం ఆయనకు అలవాటు. మద్రాసు ఎవరిదన్న రాష్ట్రాల తగువు పేపర్లో మొదలైన దగ్గర్నుంచీ మరీ గట్టిగా రాస్తున్నాడు.

"ఎల్లుండి నాయుడుగారు చూడ్డానికొస్తారు," అంది మంగళ. "ఇది చూస్తే ఇల్లు పాయ. ఇల్లు పోతే కొళాయి పాయ. ఇంట్లో కొళాయి ఉండే ఇల్లు ఈ ఊర్లో మళ్లీ యాడ దొరకతాది మీకు? నేను ఇంక వీధి కొళాయి కాడ బిందె పట్టుకొని నిలబడేది లేదు. మా అమ్మకాడికి చిత్తూరుకి పోతా. ముందే చెప్తా ఉండాను."

మంగళ ముందే చెప్పిన మాటను తర్వాత తప్పకుండా చేసే మనిషి. ఆ రాత్రి ఆదికేశవులుకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున ఒక సంగతి తట్టింది. కిటికీ ఉన్నది ఈశాన్యంలో, బీరువా ఉన్నది నైరుతిలో. తివాసీని సగం తిరుగుడు తిప్పితే అరుగుడు మచ్చ నేరుగా బీరువా కిందికి పోతుంది. బీరువాను తిరిగి నైరుతిలోనే పెడతాం కాబట్టి వాస్తుకు కూడా కోపం రాదు.

ఆయన మరిచిపోయిన విషయం ఒక్కటే. మర్నాడు మార్గళి పుడుతుంది. మన పంచాంగంలో ధనుర్మాసమనండి, వాళ్ల పంచాంగంలో మార్గళి అనండి, ఆ నెలలో మద్రాసులో ఎవరూ కొత్త ఇంట్లో పాలు పొంగించరు. అందుకని మార్గళి ముందురోజు సగం ఊరు సామాన్లతో సహా రోడ్డు మీదే ఉంటుంది. ఆ రోజు ఎవరి గుమ్మం ముందైనా బండి ఆగిందంటే, వాళ్లు ఇల్లు మారుతున్నారనే అర్థం. ఇంకో అర్థం ఉందని ఎవరైనా చెప్పినా ఎవరూ నమ్మరు.

ఆదికేశవులు వీధి చివరకు వెళ్లేసరికి తంగరాజ్ అనే తోపుడుబండివాడు, మరో ఇద్దరు మనుషులు టీ తాగుతూ దొరికారు.

"ఒక బీరువా ఎత్తాల," అన్నాడు ఆదికేశవులు. "మేడమింద ఉండాది."

"బీరువా సరి. మిగతా సామాను?"

"అదంతా తర్వాత చూసుకుందాంలే," అన్నాడు ఆదికేశవులు. నలుగురిలో తివాసీ సంగతి ఎత్తడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

మిగతా సామాను ఉందనే తంగరాజ్ అర్థం చేసుకున్నాడు, బండిని కూడా తోసుకుంటూ వచ్చాడు. ఆ పక్కనే బెంచీ మీద ఇళ్ల బ్రోకరు మారిముత్తు కూర్చుని ఉన్నాడు. ఆదికేశవులు వెనక బండి పోవడం చూశాడు. ఆ బండి వెళ్లి నాయుడి ఇంటి ముందు ఆగడం చూశాడు. చూసిన తర్వాత ఇంకా అడగడమంటే మారిముత్తు దృష్టిలో టైము దండగ. టీ గ్లాసు కింద పెట్టి స్టేషను వైపు పరిగెత్తాడు.

మేడ మీద తంగరాజ్ మనుషులు బీరువాను ఎత్తారు. టేకు బీరువా, లోపల నాయుడి మామగారి ఇత్తడి సామానట, తాళం నాయుడి మొలతాడుకు ఉంటుంది. ఎత్తినవాళ్లు దించడానికి చోటు వెతికారు. హాలు చిన్నది. బీరువా హాల్లోనే ఉంటే తివాసీ తిరగదు.

"బయట పెట్టేద్దాం సామీ," అన్నాడు తంగరాజ్. ఆదికేశవులు సరే అనేలోపలే బీరువా వీధి వైపు వరండాలో, పిట్టగోడ పక్కన, ఊరందరికీ కనబడేలా నిలబడింది.

ఆదికేశవులు తివాసీ మూల పట్టుకుని ఎత్తబోయి అక్కడే చతికిలబడ్డాడు. ఇన్నాళ్లూ బీరువా నిలబడ్డ చోట తివాసీకి పెద్ద బొక్క ఉంది. చిన్నదేమీ కాదు, చేట పట్టేంత బొక్క. అంచులు కాలి నల్లగా ఉన్నాయి.

దంపతులిద్దరూ కాసేపు ఆ బొక్కను చూశారు. తర్వాత ఆదికేశవులు మంగళను చూశాడు.

"శుక్రవారం శుక్రవారం ఈడ సాంబ్రాణి వేసేది ఎవురు?" అన్నాడు మెల్లగా.

మంగళ మొహం పాలిపోయింది. "నిప్పురవ్వ కిందికి పోయిందో ఏమో," అంది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఇంకో సమయమైతే ఆదికేశవులు దాన్ని పండగ చేసుకునేవాడు. ఇప్పుడు ఇద్దరి ప్రాణాలూ ఒకే తివాసీ మీద ఉన్నాయి. తివాసీని ఎటు తిప్పినా బీరువా ఒకదాన్నే కప్పుతుంది, రెండోది బయట పడుతుంది.

"బీరువాలు రెండుంటే బాగుండు సామీ," అన్నాడు తంగరాజ్ సానుభూతిగా.

ఇంకో బీరువా ఎక్కడ దొరుకుతుందా అని ఆదికేశవులు నిజంగానే ఆలోచిస్తుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. దంపతులిద్దరూ గబగబా తివాసీని చుట్టేశారు. ముందు మారిముత్తు వచ్చాడు. అతని వెనక నుదుట పెద్ద బొట్టుతో, ఒక చేతిలో పాలగిన్నె, మరో చేతిలో దేవుడి పటంతో దిట్టంగా ఉన్న ఒక ఆడమనిషి వచ్చింది.

"కుడికాలు పెట్టక్కా, కుడికాలు," అన్నాడు మారిముత్తు.

ఆవిడ పేరు రాసాత్తి. రాయపురంలో టిఫిను అంగడి నడుపుకునేది. అక్కడి ఇంటివాడు ఇల్లు గోడౌనుకు ఇచ్చేస్తే, కోడంబాక్కం స్టేషను పక్కన అంగడి పెట్టుకుందామని సామానంతా ఎద్దుబండికెత్తుకుని బయలుదేరింది. తెల్లవారినప్పట్నుంచీ స్టేషను ముందు తుంపర్లో బండి మీదే కూర్చుని మారిముత్తు కోసం కాచుకుంది. మార్గళి పుట్టేలోగా ఇల్లు దొరక్కపోతే ఒక నెల స్టేషనులో కాపురం పెట్టాలి. అంచేత ఆవిడ కుడికాలు చాలా గట్టిగానే పెట్టింది.

"మేము ఖాళీ చెయ్యడం లేదమ్మా," అన్నాడు ఆదికేశవులు లేచి.

"ఇంటివాడు పొమ్మన్నోళ్లందరూ ఇట్లనే అంటారు సామీ," అన్నాడు మారిముత్తు అనునయంగా. "మనసుకు కష్టంగా ఉంటాది. నాకు తెలుసు."

"నిజంగానే ఖాళీ చెయ్యడం లేదయ్యా."

"అట్లయితే బీరువా ఎందుకు బయట ఉండాది?"

ఉన్నమాట చెబితే సాయంత్రానికల్లా అది నాయుడి చెవిన పడుతుంది. "గాలి... గాలి పెడతా ఉండాం దానికి," అన్నాడు ఆదికేశవులు.

మారిముత్తు వరండాలోకి చూశాడు. తుంపర కాస్తా వాన అయింది, బీరువా తడుస్తోంది. ఇల్లు పోయినవాళ్లకు బుర్ర కాస్త కదలడం అతను ఇదివరకు కూడా చూశాడు.

"పది గంటలకు రాహుకాలమో ఎమగండమో ఏదో ఒకటి వచ్చేస్తాది," అంది రాసాత్తి. "తగువు తర్వాత పెట్టుకుందాం చెల్లీ. ముందు పాలు పొంగనీ." తివాసీ లేని చోట కుంపటి పెట్టి, బొగ్గులు రాజేసి, పాలగిన్నె ఎక్కించింది. మంగళ వద్దని చెబుతూనే, పొగకు దగ్గుతున్న ఆ మనిషికి విసనకర్ర అందించింది. తర్వాత ఎందుకిచ్చానా అని నాలిక కరుచుకుంది.

ఇంతలో తంగరాజ్ మనుషులు ఊరికే నిలబడ్డం బాగుండదని పనిలోకి దిగారు. ఇల్లు మారుతున్నారన్నది ఇప్పుడు రుజువైపోయింది కదా. మంగళ రోలు కిందికి పోయింది. పడక కుర్చీ కిందికి పోయింది. అదే మెట్ల మీద రాసాత్తి ఇడ్లీ గుండిగలు పైకి రాసాగాయి. ఆదికేశవులు ఊరగాయ జాడీకి అడ్డం పడి దాన్ని పైకి లాక్కొచ్చేసరికి, ఆయన మంచం కిందికి దిగిపోయింది. మంచాన్ని ఆపడానికి వెళ్లి, తొందరలో రాసాత్తి పరుపును తన భుజాన పెట్టుకుని పైకి తెచ్చాడు.

"మంచి మనిషి," అంది రాసాత్తి. "ఇల్లు పోయినా ఒక చెయ్యి వేస్తా ఉండాడు."

సరిగ్గా ఆ సమయానికి జనార్దనం నాయుడు వీధి మలుపు తిరిగాడు. ముహూర్తం తెల్లవారకముందే అయిపోయింది. పెళ్లివారు ఉప్మాతో సరిపెట్టడంతో కోపం వచ్చి మొదటి రైలుకే వచ్చేశాడు. వస్తూనే ఆయన గుమ్మం ముందున్న రెండు బండ్లనూ, నేల మీద వానలో ఉన్న రోలునూ చూడలేదు. వరండాలో తడుస్తున్న తన బీరువానే చూశాడు. తాంబూలం సంచీ తాయారు చేతికిచ్చి, ఆ వయసులో ఎవరూ ఎక్కనట్టు మెట్లెక్కాడు.

"బీరువాను ఎవుడు కదిపినాడు?" అన్నాడు గుమ్మంలోనే.

గదిలో అందరూ ఆదికేశవులు వైపు చూశారు. ఆదికేశవులు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అయితే నాయుడి కోపం రెండో మాటకు రాకముందే మారిముత్తు ఆయన చెవిలో ఏదో ఊదాడు. కొత్తావిడ అద్దె ఎక్కువిస్తుందనీ, అడిగినంత అడ్వాన్సు చీరచెంగున కట్టుకుని వచ్చిందనీ ఊదాడు. నాయుడి మొహంలో కోపం మెల్లగా న్యాయం కింద మారింది.

"బీరువా కదపకూడదని చెప్పినానా లేదా, ఆదికేశవులూ? మాట తప్పినావు. ఇంక నేనేమీ చెయ్యలేను. ఎట్లాగూ సామాను దించేసినావు కదా, అట్లనే పో. ఈమె ఈడ ఉంటాది."

మంగళ కళ్లు కొళాయి వైపు తిరిగి నీళ్లతో నిండాయి. అది చూసి ఆదికేశవులుకు దుఃఖం, దాని వెనకే మొండితనం వచ్చాయి. ఇల్లు ఎలాగూ పోయింది. పోయిన ఇంటి కోసం ఇంకా దాచేదేముంది? అప్పుడాయనకు జీవితంలో మొదటిసారి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. పొద్దుట్నుంచీ ప్రాణం పెట్టి దాచుతున్నదాన్ని ఆయన రాసాత్తికి చూపించాడు.

"అమ్మా, ఇల్లు తీసుకొనే ముందర ఈ తివాసీ చూసుకో," అంటూ చుట్టిన తివాసీని విదిలించి పరిచాడు. "ఇది చెడితే అద్దెకుండేవాళ్లే జవాబు చెప్పాలంట. ఇదో, ఈడ అరిగిపోయింది. నా కాళ్లతోనే అరగదీసినాను. రేపు ఇది నీ తలకాయకే చుట్టుకుంటాది."

రాసాత్తి వంగి చూసింది. నుదుట బొట్టు ముడుచుకుంది. "అవునయ్యా, పడుగంతా కనపడతా ఉండాదే. దీనికి నేనెందుకు జవాబు చెప్పాల?"

అడ్వాన్సు ముడి వైపు నాయుడు ఒకసారి చూశాడు. "దాన్ని అరిగిందంటారా ఎవురైనా?" అన్నాడు నవ్వుతూ. "తివాసీ ఉండేది నడిచేదానికి గాక తలకు చుట్టుకొనేదానికా? మనుషులు కాపురముంటే ఆ మాత్రం అరగతాది. దానికి అద్దెకుండేవాళ్లను ఎవురంటారు? అదంతా ఇంటివాడే చూసుకోవాల."

"లేదు నాయుడుగారూ, తప్పంతా నాదే," అన్నాడు ఆదికేశవులు. "పేపరు చదవతా మడమలతో పనిగట్టుకొని రాసినాను."

"నువ్వుండు. నువ్వు రాస్తే ఎంతపాటి రాస్తావు? ఈయన అడుగేస్తే చీమ కూడా చావదు తల్లీ. అది వయసుకు వచ్చిన అరుగుడు, అంతే."

"మరి ఈ బొక్క?" అని ఆదికేశవులు నైరుతి మూల తివాసీని ఎత్తి పట్టుకున్నాడు. బొక్కలోంచి మంగళ మొహం కనబడింది. "ఇది మా ఆవిడ సాంబ్రాణి నిప్పుతో కాల్చేసింది. ఇదైనా మా తప్పని ఒప్పుకోండి."

"అవునక్కా, నేనే కాల్చినాను," అంది మంగళ బొక్కలోంచి.

కాపురముంటే అరుగుతుందన్న మాట బొక్కకు అతకదు. రాసాత్తి కొంగుముడి మీద చెయ్యి వేసి వెనక్కి తగ్గింది. "నిప్పు పడితే కాలిపోయే ఇల్లా ఇది? కుంపట్లు పెట్టుకొని బతికేదాన్ని నేను. నాకొద్దు."

"నిప్పూ లేదు, గిప్పూ లేదు," అన్నాడు నాయుడు కంగారుగా. "వీళ్లకేమి తెలుసు. వీళ్లు ఈ ఇంట్లో కాలు పెట్టకముందే ఉండాది ఆ బొక్క. స్టూడియోలో కాగడా పడి కాలింది. అందుకే కదా నాకంత చవగ్గా వచ్చింది. అది కనపడకూడదనే నేను బీరువా తెచ్చి దానిమింద..."

నాయుడు ఆగాడు. ఆగడం కాస్త ఆలస్యమైంది.

మంగళ బొక్కలోంచి తల బయటికి తీసి లేచి నిలబడింది. ప్రతి శుక్రవారం తను వేసిన సాంబ్రాణీ, ప్రతి నెలా తను బిగబట్టిన ఊపిరీ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అయినా ఆవిడ గొంతు పెంచలేదు.

"వాస్తు అన్నారే నాయుడుగారూ," అంది.

"సామీ," అన్నాడు మారిముత్తు గొంతు సవరించుకుని. బ్రోకరైనా అతనికి ఇళ్ల తగువులు కొట్టినపిండి. "ఇప్పుడు ఈయన్ని పొమ్మంటే, ఈయన రెంటు కోర్టుకు పోతాడు. సాక్షి ఎవురని అడిగితే నన్నూ తంగరాజ్‌నూ పిలుస్తారు. నేను అబద్ధం చెప్పనని కాదు. తంగరాజ్‌కు చెప్పేది రాదు."

తంగరాజ్ అవునన్నట్టు తలూపాడు. నాయుడు కుర్చీ కోసం చూశాడు. కుర్చీ కింద బండిలో ఉంది. ఇడ్లీ గుండిగ మీద కూర్చున్నాడు.

"సరే పోనీ. నువ్వుండయ్యా ఆదికేశవులూ. తివాసీ నేనే బాగుచేయిస్తా. బొక్కా నాదే, అరుగుడూ నాదే."

ఆ మాట అందరూ విన్నారు. ఆదికేశవులు సంతోషం పట్టలేక తంగరాజ్‌ను కౌగిలించుకున్నాడు. అప్పుడే కుంపటి మీద పాలు బుస్సుమని పొంగి నాలుగు వైపులా పారాయి. అంతవరకూ వెనక్కి తగ్గుతున్న రాసాత్తి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, గిన్నె పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"పాలు పొంగినాయి," అంది. "బొక్కో గిక్కో, ఇంక నేను ఈ ఇంటి గడప దాటి పోను. పాలు పొంగినాక పోతే నాకు మంచిది కాదు, ఈ ఇంటికీ మంచిది కాదు."

నాయుడు బతిమాలాడు. మారిముత్తు తన కమీషను కూడా వదులుకుంటానన్నాడు, ఆ మాట అన్నందుకు తర్వాత చాలా రోజులు బాధపడ్డాడు. రాసాత్తి మాత్రం కదల్లేదు. మార్గళి రేపే పుడుతుంది, బయట వాన కురుస్తోంది, ఆవిడ పొంగిన పాలను మంగళకూ తంగరాజ్‌కూ గ్లాసుల్లో పోసి ఇస్తోంది.

అప్పటికి తాయారు మేడెక్కి వచ్చి గుమ్మంలో నిలబడి చాలాసేపయింది. కట్టుకున్న పట్టుచీర తడిసి ఉంది. పెళ్లిలో తినని భోజనం, దారంతా విన్న గొణుగుడు, ఇప్పుడు విన్న బొక్క సంగతి ఆవిడ మనసులో వరసగా ఉన్నాయి. భర్త చెప్పిన వాస్తు మాట ఇన్నాళ్లూ ఆవిడ కూడా నమ్మింది.

"కింద ముందు గది ఉండాది కదా," అంది తాయారు. "గురక పెడతారని ఈయన్ని ఒక్కణ్ణే ఆడ పండబెట్టినాను. ఒక్కడికి అంత గది ఎందుకు? పాలు పొంగింది ఈ ఇంట్లోనే. పైనైతే ఏమి, కిందైతే ఏమి. రామ్మా రాసాత్తీ, నీ గుండిగలు దించుకో."

"మరి నేనో?" అన్నాడు నాయుడు.

తంగరాజ్ మనుషులు ఇడ్లీ గుండిగలను కిందికీ, మంగళ రోలును పైకీ మోయడం మొదలుపెట్టారు. ఈసారి ఏది ఎవరిదో మంగళ గుమ్మంలో నిలబడి చెబుతూ వచ్చింది. సామానంతా సర్దుకున్నాక కొళాయి తిప్పి, నీళ్లు వస్తున్నాయో లేదో చూసుకుని, కట్టేసింది. ఆదికేశవులు ఉత్త నేల మీద కుర్చీ వేసుకుని మడమలు ఆనించుకున్నాడు. తివాసీని బాగుచేయించడానికని ఆ సాయంత్రమే కిందికి దించారు. వానలకు బొక్కలు కుట్టే రఫూవాడు రాలేదు.

ఆ మార్గళి నెలంతా జనార్దనం నాయుడు వీధి వరండాలో తివాసీ పరుచుకుని పడుకున్నాడు. చలిగా ఉందా అని ఎవరైనా అడిగితే, బొక్క మీదికి దొర్లకుండా ఉంటే ఫరవాలేదని చెప్పేవాడు.